పేరు చూసి పంచిన సామాను

రాళ్ళగూడెం నీళ్ళ ప్లాంటు మీద పిడుగు పడి, అక్కడి పెట్టె మాడి మసైపోయింది. కొత్త బోర్డు వచ్చింది గాని దానికి ప్రాణం పోసే ప్రోగ్రాము కట్టుబడక చౌటుప్పల్‌లోని అహ్మద్ అలీ వర్క్‌షాపులో హరిత తిండీ తిప్పలూ మరిచి కూర్చుంది. చివరికి ఎట్లాగో కట్టింది. పెట్టె మీద పచ్చ లైటు వెలిగింది. వెలిగాక ఆమె ఊరికి పోవలసింది పోయి, రెండేళ్ళుగా మాట లేని మనిషిని వెతుక్కుంటూ కొల్లాపూర్ బస్సెక్కింది. పోయిన వారం మనం ఆమెను ఆ బస్సులో కిటికీ పక్కన వదిలి వచ్చాం.

బస్సు నాగర్‌కర్నూల్ దాటాక హరిత ఫోను చార్జింగు అయిపోయి నల్లబడింది. ఆమె దాన్ని సంచిలో పడేసి, బయట వెనక్కి పోతున్న మామిడితోటలు చూస్తూ కూర్చుంది. కాపు లేని కాలం. చెట్లన్నీ ముదురాకుతో బరువుగా, ఎవరి కోసమూ కాదన్నట్టు నిలబడి ఉన్నాయి. మనిషి దగ్గరికి పోతున్నకొద్దీ ఆమెకు ఆ మనిషి మాటలు కాక, విడిపోయిన రోజు వాకిట్లో పరిచిన గిన్నెలే కళ్ళ ముందు తిరిగాయి.

మన ఇళ్ళల్లో పెళ్ళి సామాను మీద పేరు చెక్కించడం మామూలే. బిందె మెడ మీద, తాంబాళం అంచున, చివరికి గంటె కాడ మీద కూడా ఎవరు పెట్టారో, ఎవరికి పెట్టారో రాసి ఉంటుంది. హరిత, ఆమె భర్త గోపీకృష్ణ ఇక కలిసి ఉండొద్దనుకున్న రోజు పెద్దమనుషులు ఆ సామానంతా వాకిట్లో పరిపించారు. హరిత మేనత్త గోపమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని, ఒక్కొక్క గిన్నెను ఎండకు తిప్పి పేరు చదివింది. హరిత పేరున్నవి ఒక దిక్కు, గోపీకృష్ణ పేరున్నవి ఒక దిక్కు. కొట్లాట లేదు, ఏడుపు లేదు. పేరు చదవడం, గిన్నె పెట్టడం. గోపీకృష్ణ గోడకానుకుని నేల చూస్తూ నిలబడ్డాడు. పెద్దమనుషులు ఏమడిగినా ఒక్కటే మాట అన్నాడు: "ఆమె ఇష్టం." హరిత తండ్రి లింగయ్య తువ్వాలతో ముఖం తుడుచుకుంటూ, "ఇంకేముంది, కానియ్యుండ్రి" అన్నాడు. అంతటితో ఒక సంసారం రెండు ఆటోల్లోకి ఎక్కింది.

పని మాత్రం అట్లా విడిపోలేదు. ఎందుకంటే వాళ్ళిద్దరూ ఒకే కంప్యూటర్ మీద, ఒకే పెట్టె కోసం పని చేసినవాళ్ళు.

ఆ పెట్టె సంగతి తెలియనివారికి రెండు ముక్కలు చెప్పాలి. రాళ్ళగూడెం వైపు బోరు వేస్తే నీళ్ళు పడతాయి గాని, ఆ నీళ్ళలో ఫ్లోరైడ్ ఉంటుంది. అది ఏళ్ళ తరబడి ఎముకల్లోకి దిగుతుంది. నడుములు వంగిపోయి, మెడ తిప్పలేక, మనిషి మొత్తం తిరిగితే తప్ప వెనక్కి చూడలేని వాళ్ళు ఆ ఊళ్ళో వాడకు నలుగురుంటారు. పిల్లలకు మొదట పళ్ళ మీద తెలుస్తుంది. గోధుమరంగు గీతలు పడతాయి. హరిత పళ్ళ మీద కూడా ఉన్నాయి. అందుకే ఆమె చిన్నప్పటి నుంచి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతుంది. కృష్ణ నీళ్ళు తెస్తామని పైపుల కోసం కందకాలు తవ్వుతున్నారు, వచ్చినప్పుడు వస్తాయి. అందాకా ఊరికి ఆ ప్లాంటే దిక్కు. వడపోత తొట్టి నుంచి వచ్చే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎంతుందో ఒక మీటరు చూస్తుంది. మంచిగుంటే పెట్టె పచ్చ లైటు వెలిగించి వాల్వుకు దారిస్తుంది. తొట్టి పని అయిపోయి చెడునీళ్ళు వస్తే ఎర్ర లైటు వెలిగించి దారి మూస్తుంది. మీటరు చెప్పిన అంకెను చదివి మంచీ చెడూ తేల్చే లెక్క హరిత రాసింది. దాన్ని కెర్నల్‌లో కలిపి పెట్టెకెక్కించే ఏర్పాటు గోపీకృష్ణ చేశాడు.

కెర్నల్ అంటే ఏ కంప్యూటరులోనైనా అన్నిటికంటే ముందు లేచి, మిగతావాటిని లేపే ప్రోగ్రాము. దాన్ని కట్టడం చాలా ఓపిక పని. జొన్నరొట్టె కావాలంటే పిండి ఉండాలి, పిండికి గిర్ని నడవాలి, గిర్నికి కరెంటు ఉండాలి. ఇదీ అంతే. ఒకదాని కోసం ఒకటి, దాని కోసం మరొకటి. ఎక్కడ ఏది లేకపోయినా పని అక్కడికి ఆగిపోయి, ఫలానాది దొరకలేదని తెర మీద చూపిస్తుంది. గోపీకృష్ణ అవన్నీ కొన్నేళ్ళపాటు ఒక్కొక్కటే సమకూర్చి, వర్క్‌షాపు కంప్యూటర్లో తన పేరున ఉన్న అరలో పెట్టుకున్నాడు. అందులో ఎవరి పేరున వాళ్ళకు ఒక అర ఉంటుంది.

ఈ ఏటి దసరా వచ్చింది. వర్క్‌షాపులో ఆయుధ పూజకు మీటర్లు, స్క్రూడ్రైవర్లు తుడిచి పెట్టారు. కొబ్బరికాయలు ఏటా అహ్మద్ అలీయే తెస్తాడు. హరిత కంప్యూటర్ బయట తుడిచి, లోపల కూడా దులుపుదామనుకుంది. మనిషి పోయి రెండేళ్ళైనా అతని పేరున అర అట్లాగే ఉంది. తన అరలో తన సామాను భద్రంగా ఉంది. ఇక ఇదెందుకు? గోపమ్మత్త గిన్నెలు వేరు చేసినంత తేలిగ్గా ఆమె పేరు చూసి వేరు చేసి, అతనిదంతా తీసేసింది. కంప్యూటర్‌కు పసుపు కుంకుమ బొట్టు పెట్టింది. ఆ వారమే పిడుగు పడింది.

ఆ తర్వాత జరిగింది మీరు చదివారు. కొత్త బోర్డుకు కెర్నల్ మళ్ళీ కట్టబోతే అడుగడుగునా ఆగింది. అదీ లేదు, ఇదీ లేదు. హరిత ఒక్కొక్కటే వెతికి తెచ్చిపెట్టింది. చివర ఒకే ఒక్క ఫైలు దగ్గర ఆగింది. మీటరు లెక్క ఉండే ఫైలు. అది గోపీకృష్ణ అరలో ఉండాలని అడుగుతోంది. అదే పేరుతో తను రాసినది తన అరలో ఉండనే ఉంది. ఆమె దారి మార్చి తన ఫైలు చూపించింది. కెర్నల్ కట్టుబడింది.

అహ్మద్ అలీ మాత్రం గడ్డం నిమురుకుంటూ అడిగాడు. "నీది ఉండంగ అతను ఇంకొకటి ఎందుకు పెట్టుకున్నడు బేటీ?"

"అన్నిట్ల తన పేరే ఉండాలె గద చాచా ఆయనకు."

"అట్లాంటోడు కాదు. జర పోయి అడుగు. ఫోన్ల కాదు, ఎదురుంగ."

ఆ ఒక్క మాట ముల్లులా గుచ్చుకుని ఆమెను బస్సెక్కించింది. పొద్దున్నే ప్లాంటు నడిపే మల్లన్న బండి మీద వచ్చి పెట్టె తీసుకుపోతుంటే మరీ మరీ చెప్పింది. "పెట్టె బిగించు. వాల్వు మాత్రం నేను ఫోన్ చేసినంకనే తిప్పు."

*

కొల్లాపూర్‌లో గోపీకృష్ణ ఇల్లు పాత కోటకు వెనకవైపు సందులో ఉంది. ఇంటికి ఆనుకుని రేకుల షెడ్డు. షెడ్డు నిండా బ్యాటరీలు. కృష్ణలో చేపలు పట్టేవాళ్ళు దీపాలకు వాడే బ్యాటరీలు తెచ్చి ఇక్కడ చార్జింగ్ పెట్టించుకుంటారు. ఆసిడ్ వాసన సందు మొదట్లోకే వస్తోంది.

గుమ్మంలో చిక్కుడుకాయలు ఒలుస్తున్న గోపీకృష్ణ తల్లి గుర్వమ్మ తలెత్తి చూసి, మళ్ళీ చేతిలోని కాయ వైపే చూసింది.

"ఏమమ్మా, పంచుకునుడు అయిపోలేదా ఇంక? మా కాడ నీ పేరు చెక్కిన గంటె ఏమన్న మిగిలిందా?"

"బాగున్నవా అత్తమ్మా?"

"అత్తమ్మ అంటున్నవు. అను. నోరు నీది, నేనెందుకు ఆపాలె." గుర్వమ్మ పక్కకు జరిగి చెంబు అందించింది. "తాగు, దూరం నుంచి వచ్చినవ్. కృష్ణ నీళ్ళు. దీనికి నీ పెట్టె, నీ లైటు అక్కర్లేదు."

హరిత నీళ్ళు తాగే ముందు అలవాటు ప్రకారం చెంబులోకి చూసింది. గుర్వమ్మ అది గమనించి నవ్వింది. "చూడు, చూడు. నా కొడుకు గూడ నీ కాడ నేర్చుకున్నడు ఆ రోగం. చాయ గూడ తొంగి చూసి తాగుతడు."

"ఉన్నడా ఇంట్ల?"

"ఏడికి పోతడు? పొద్దుగాల లేస్తె ఆ డబ్బాల నడుమనే. నవ్వు లేదు, మాట లేదు. నేను ఇంకొక పిల్లను చూస్తనంటె గోడను చూసినట్టు చూస్తడు నన్ను." గుర్వమ్మ గొంతు దించింది. "ఏమన్న అననీకి వచ్చినవా వాణ్ణి? అనేది ఉంటె నన్ను అని పో. వాడు పడలేడు."

"అడగనీకి వచ్చిన అత్తమ్మా. ఒక్క మాట అడిగి పోత."

షెడ్డు గడపలో గోపీకృష్ణ నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో తెలియదు. చేతులకు రబ్బరు తొడుగులున్నాయి. చిక్కిపోయాడు. వర్క్‌షాపులో ఉన్నన్నాళ్ళు హరిత అతన్ని "గోపీ" అనేది, ఇంట్లో పేరు లేకుండానే పిలిచేది. ఇప్పుడు ఏ పిలుపు వాడాలో తోచక ఊరుకుంది.

"లోపలికి రా, ఎండల నిలబడ్డవ్" అన్నాడు అతను. "ఫోను?"

"చార్జింగ్ అయిపోయింది."

అతను చెయ్యి చాపాడు. షెడ్డులో ఒక మూల వైరుకు ఆమె ఫోను తగిలించాడు. రెండేళ్ళ తర్వాత వాళ్ళ మధ్య చేతులు మారిన మొదటి వస్తువు అది.

హరిత స్టూలు మీద కూర్చుని, బస్సులో వంద సార్లు అనుకుని వచ్చిన మాటలు ఒక్క ఊపిరిలో చెప్పేసింది. పిడుగు సంగతి, కొత్త బోర్డు సంగతి. దసరాకు అతని అర తీసేసిన సంగతి చెప్పేటప్పుడు మాత్రం కళ్ళు బ్యాటరీల వైపు తిప్పుకుంది.

"తీసేసినవా" అన్నాడు గోపీకృష్ణ. అందులో కోపం లేదు.

"నీదేగదా అని తీసేసిన. నీ పేరు మీదుంది."

"ఊఁ."

"అయినా కట్టిన. నువ్వు లేకుండనే కట్టుబడింది కెర్నల్." ఆమె గొంతులో అక్కర్లేని పట్టుదల దూరింది. "మీటరు లెక్క ఫైలు ఒక్కటి నీ అరలకెళ్ళి అడిగింది. నాది నా కాడ ఉండె గదా, దాన్నే పెట్టిన."

గోపీకృష్ణ చేతి తొడుగు సగం విప్పి ఆగిపోయాడు.

"నువ్వు మొదట రాసిందా?"

"మొదటిది, చివరిది ఏంది? నేను రాసింది ఒక్కటే."

"ప్లాంటుల పెట్టిండ్రా అది? వాల్వు తిప్పిండ్రా?"

"లేదు. నేను ఫోన్ చేసెదాక తిప్పొద్దన్న మల్లన్నకు. ఎందుకట్ల చూస్తున్నవ్?"

అతను బ్యాటరీ పెట్టె మీద కూర్చున్నాడు. "తిప్పకపోతె సరే. నేను ఆ లెక్క రాసిస్త. నా దిమాకుల ఉన్నది, మళ్ళ రాస్త. సాయంత్రం బస్సుకు తీస్కపో."

"ఏం రాత? నాది ఉండంగ నీది ఎందుకు?"

"నా దాంట్ల జర మార్పు ఉన్నది."

"ఏం మార్పు?"

"చిన్నదే."

"గోపీ." పేరు దానంతట అదే వచ్చింది. "చాచా పంపితె వచ్చిన. నువ్వు చెప్పెదాక ఈడికెళ్ళి లేవ. కెర్నల్ కట్టిన ప్రతిసారి నా ఫైలు పక్కకు పెట్టి నీది ఎందుకు కలిపినవ్?"

బయట గుర్వమ్మ చిక్కుడు గింజలు గిన్నెలో పడుతున్న చప్పుడు ఆగిపోయింది. గోపీకృష్ణ లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

"మీటరు తొట్టికి ఆనుకోని ఉంటది. తొట్టి ఎండకు కాగితె మీటరు ఉన్నదానికంటె తక్కువ చూపిస్తది. నీకు తెలుసు."

"తెలుసు. అందుకే లెక్కల వేడిని పట్టుకున్న. ఎంత తక్కువ చూపిస్తదో అంత..." హరిత ఆగింది. "అంత కలుపుకోవాలె."

"నువ్వు కలపలేదు. తీసేసినవ్."

ఆమె కళ్ళు మూసుకుంది. ఆ రెండు వరుసలు ఆమెకు నోటికి వచ్చు. తన చేత్తో రాసినవి. రాసింది చలికాలంలో. అప్పుడు తొట్టి చల్లగా ఉంది, కలిపినా తీసినా తేడా రాదు. పరీక్ష చేసినన్ని సార్లు సరిగ్గా వచ్చింది. ఊరంతా చప్పట్లు కొట్టింది. ఎండలు ముదిరాక మాత్రం మీటరు తక్కువ చూపించి ఉంటుంది, తన లెక్క దాన్ని ఇంకా తక్కువ చేసి ఉంటుంది, తొట్టి పని అయిపోయి చెడునీళ్ళు వస్తున్నా పెట్టె పచ్చ లైటే వెలిగించి ఉంటుంది.

"ఎప్పుడు చూసినవ్?"

"ఆ ఎండకాలం చివర్ల. ఊరికే సీసాల రంగు మందు కలిపి చూసిన. మంచి నీళ్ళైతె గులాబి రంగు ఉండాలె. పసుపుపచ్చగ తిరిగింది. తలెత్తి చూస్తె పెట్టె మీద పచ్చ లైటు."

"ఎండకాలం అంత తాగిండ్రు."

"తాగిండ్రు."

"సుచరిత బిడ్డకు పాలపిండి ఆ నీళ్ళల్లనే కలిపినం." హరిత చేతులు ఒళ్ళో ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. సుచరిత ఆమె చెల్లెలు. చెల్లెలి బిడ్డ పుట్టిందే ప్లాంటు పెట్టిన ఏడు. "నేనే చెప్పిన, బోరు నీళ్ళు వద్దు, పచ్చ లైటు నీళ్ళు పట్టుకురా అని. నేనే కావడి పెట్టించి తెప్పిచ్చిన."

"ఒక్క ఎండకాలానికి ఏం కాదు హరితా. ఏండ్లకేండ్లు తాగితెనే ఎముకలకు పడుతది. వెంటనే సరి చేసిన గదా. నీ ఫైలు ముట్టుకోలే. నా అరల ఒకటి రాసి పెట్టి, కట్టేటప్పుడు అదే కలిసేటట్టు చేసిన. ఆ దినం నుంచి పెట్టె అబద్ధం చెప్పలే."

"నాకెందుకు చెప్పలే?"

అతను పక్కనున్న బ్యాటరీ వైరు సర్దాడు.

"అడుగుతున్న. నాకెందుకు చెప్పలే?"

"ప్లాంటు మొదలుపెట్టిన నాడు నువ్వు ఊరోళ్ళ నడుమ నిలబడి నవ్వినవ్. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండ." గోపీకృష్ణ నేల వైపు చూస్తూ అన్నాడు. "పెండ్లైనంక గట్ల నవ్వంగ నేను మొదటిసారి చూసిన. ఎట్ల చెప్పాలె? ఏం అని చెప్పాలె? నోరు తెరిస్తె అదే మాట వస్తదని నోరు తెరుసుడే బంద్ చేసిన."

ఆ వానాకాలమంతా ఇంట్లో అతను మాట్లాడని రోజులు హరితకు ఒక్కొక్కటిగా గుర్తుకు వచ్చాయి. కంచం ముందు కూర్చుని గోడను చూసేవాడు. పిలిస్తే ఉలిక్కిపడేవాడు. తన మీద మనసు విరిగిందనుకుంది. తన పళ్ళ మచ్చలు, తన వంగిన ఊరు, అవి అతనికి విసుగు పుట్టించాయనుకుంది. అడిగి అడిగి అలిసిపోయి, చివరికి విడిపోదామన్న మాట తనే అనేసింది. ఇన్నాళ్ళూ అతన్ని తలుచుకుని ఎన్ని తిట్లు తిట్టుకుంది! ఇప్పుడు ఏడుపు రావాలి. రాలేదు.

"నీకెవరిచ్చిండ్రు ఆ హక్కు?"

గోపీకృష్ణ తలెత్తాడు.

"నా ఊరు. నా నీళ్ళు. తప్పు గూడ నాదే. దాన్ని నాకు కనబడకుండ దాచిపెట్టే హక్కు నీకెవరిచ్చిండ్రు? రెండేండ్ల నుంచి ఆ తప్పుడు లెక్కను నా అరల మంచిగ దాచుకున్న. నా పేరుంది, నాదని. ఇయ్యాల పొద్దుగాల దాన్నే పెట్టెలకెక్కిచ్చి పంపిన. నువ్వు ఒక్క మాట చెప్పుంటె పంపుదునా?"

"చెప్పుంటె నువ్వు ఆ పనే ఇడిచిపెడ్తుంటివి."

"ఇడిచిపెడ్దునో, కూసోని సరిచేద్దునో, అది నాకు ఇడిచిపెట్టాలె. నువ్వు మొగనివైనా, ఇంకెవరివైనా." ఊపిరి అందక ఆగింది. "ఇంకెవరికి తెలుసు ఈ సంగతి?"

గోపీకృష్ణ తొడుగు తీసి, బల్ల మీద పెట్టి, మళ్ళీ తీసి ఇంకోచోట పెట్టాడు. "ఎవరికి తెల్వదు" అన్నాడు.

తలుపు తోసుకుని గుర్వమ్మ రెండు గ్లాసుల చాయతో వచ్చింది. ఇద్దరి ముఖాలూ చూసి, గ్లాసులు బల్ల మీద పెట్టింది. "కొట్లాడుకోండ్రి. ఆనాడు కొట్లాడకపోతిరి, పెద్దమనుషుల ముంగట రాళ్ళ లెక్క నిలబడ్డరు. ఇప్పుడన్న నోర్లు లేచినయి" అని గొణుక్కుంటూ వెళ్ళిపోయింది.

చాయ మీద మీగడ కట్టింది. ఎవరూ ముట్టలేదు. గోపీకృష్ణ ఒక పాత ల్యాప్‌టాప్ తెచ్చి తెరిచాడు. ఆమె అడగకుండానే పక్కకు జరిగి చోటిచ్చాడు.

"నేను చెప్త. నువ్వు రాయి" అన్నాడు. "నీ ఫైల్లనే రాయి ఈసారి."

హరిత కీబోర్డు మీద చేతులు పెట్టింది. తీసివేత ఉన్నచోట కూడిక పెట్టడానికి ఎంత సేపు పడుతుంది? ఒక్క గుర్తు. ఆ ఒక్క గుర్తు కోసం ఒక ఎండాకాలం, ఒక ఊరు, ఒక ఇల్లు.

అప్పుడే మూలన చార్జింగులో ఉన్న ఫోను ప్రాణం వచ్చి వెలిగింది. వెలగడంతోనే వరసగా మోగింది. ఒకదాని మీద ఒకటి మెసేజులు. అన్నీ మల్లన్న నెంబరు నుంచి. ఫోన్ చేశాడు, కలవలేదు, మళ్ళీ చేశాడు. చివర ఒక మాట రికార్డు చేసి పంపాడు. హరిత దాన్ని నొక్కింది. వెనకాల జనం గోల, బిందెల చప్పుడు.

"అక్కా, పెట్టె బిగిచ్చిన. పచ్చ లైటు బంగారం లెక్క వెలుగుతున్నది. నీ ఫోన్ కలుస్తలేదు. ఊరోళ్ళు ఆగుతలేరక్కా, పిడుగు పడ్డప్పటి నుంచి బోరు నీళ్ళే గదా తాగుడు. హరితమ్మ చేసింది తప్పుంటదా అంటున్నరు. తిప్పుతున్న మరి."

హరిత లేచి నిలబడింది. షెడ్డు రేకుల మీద ఎండ చిటపటలాడుతోంది. అక్కడ తొట్టి కూడా ఇట్లాగే కాగుతూ ఉంటుంది.

ఆమె ఫోనులో ఇంకా ప్రాణం నిలవలేదు. వైరు నుంచి ఊడదీసి నెంబరు నొక్కేలోపే మళ్ళీ నల్లబడింది. గోపీకృష్ణ తన ఫోను తీసి మల్లన్నకు కలిపాడు. స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచాడు. మోగింది. మోగుతూనే ఉంది.

"ఎవలు? బావా?" మల్లన్న గొంతు ఆశ్చర్యంతో పైకి లేచింది. ఊరి అల్లుడన్న వరస అతను ఇంకా మరిచిపోలేదు. "గోపి బావా, నువ్వేనా? ఎన్ని దినాలాయె!"

"మల్లన్నా, వాల్వు మూసెయ్."

"ఏంది?"

"మూసెయ్ ముందు. మాట తర్వాత."

"లైటు పచ్చగనే ఉన్నది బావా, నేను చూస్తనే ఉన్న..."

"లైటు మాట ఇనకు. నా మాట ఇను. ఉరుకు."

చెప్పుల చప్పుడు. ఎవరో ఆడమనిషి, "నా బిందె నిండలే, ఆగు రా" అని అరవడం. ఇనుప చక్రం కిర్రుమంటూ తిరిగిన చప్పుడు. హరిత ఆ చక్రం ఎన్ని చుట్లు తిరగాలో అన్ని చుట్లూ ఊపిరి బిగబట్టి విన్నది. ధార సన్నగై, ఆగి, చుక్కలు చుక్కలుగా పడటం కూడా ఇంత దూరానికి వినిపించినట్టే అనిపించింది.

"మూసిన బావా." మల్లన్న రొప్పుతున్నాడు.

"పట్టుకున్న నీళ్ళు తాగొద్దను. పారబొయ్యమను. లేకుంటె బట్టలకు, బర్లు కడగనీకి వాడుకొమ్మను. తాగినోళ్ళకు ఏం కాదు, భయపడొద్దని చెప్పు. పెట్టె మంచిగయ్యెదాక మాత్రం ఎవరూ ముట్టొద్దు."

"సరే బావా. గని ఏమైందని అడిగితె ఏం చెప్పాలె?"

హరిత బల్ల మీదకు వంగింది. చెప్పాలనుకుంది. లెక్క తప్పు, రాసింది నేను, అని ఊరంతా వినేటట్టు తన నోటితోనే చెప్పాలనుకుంది. అంతలో అవతల మరో గొంతు అడ్డం వచ్చింది.

"ఎవరు రా ఫోన్ల? గోపియా? ఇటియ్యి. నువ్వు పోయి బిందెల కాడ చూడు, పో."

అది లింగయ్య గొంతు. హరిత తండ్రి. పంచాయితీ నాటి నుంచి ఆ ఇంట్లో గోపీ పేరు ఎత్తని మనిషి. ఎత్తవలసి వస్తే "ఆ మనిషి" అనే మనిషి. ఫోను చేతిలోకి తీసుకుని, జనానికి దూరంగా నడిచినట్టున్నాడు. బిందెల గోల వెనక్కి తగ్గింది. గొంతు దించి మాట్లాడాడు.

"గోపీ. మళ్ళ ఆ ఎండకాలం లెక్కనే అయ్యిందా?"

గోపీకృష్ణ ఫోను వైపు చెయ్యి చాపాడు. హరిత అతని మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"పలకవేంది? పిల్లకు చెప్పినవా ఏంది? నా చేతిల చెయ్యేసి ఒట్టు పెట్టినవ్ గోపీ. సచ్చెదాక దానికి తెల్వద్దని. గందుకే గదా నిన్ను పంచాయితీల నోరు తెరవొద్దన్న. గందుకే గదా నువ్వు పోతనంటె నేను ఆపలే."

షెడ్డులో బ్యాటరీలు సన్నగా గుయ్యిమంటున్నాయి. గోపీకృష్ణ కళ్ళు మూసుకున్నాడు. హరిత పట్టు సడలలేదు.

అవతల లింగయ్య ఊపిరి ఆగి, మళ్ళీ మొదలైంది.

"గోపీ... నీ పక్కన ఎవరున్నరు?"